ఈనిన దూడకు మొదటి రోజు: అడ్రినల్ గ్రంథి పనికి అడ్డం పడకుండా సాకడం ఎలా

ఆవు ఈనబోతోందంటే కొట్టంలో మనుషులకు టెన్షన్. లోపలున్న దూడకు అంతకంటే ఎక్కువ టెన్షన్. కాకపోతే దాని టెన్షన్‌కు పని ఉంది. పుట్టే గంటలో దూడ ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు ఒక్కసారిగా ఎగిస్తేనే అది ఊపిరి తీసుకుని, ఒళ్ళు వెచ్చబెట్టుకుని, తడబడుతూనైనా లేచి పొదుగు వెతుక్కోగలదు.

ఆ హార్మోన్లను వదిలేది రెండు అడ్రినల్ గ్రంథులు. మూత్రపిండాల పక్కనే ఉంటాయి. గ్రంథి పైపొర నుంచి కార్టిసాల్, లోపలి భాగం నుంచి అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ వస్తాయి. దూడకు ఊపిరి అందకపోయినా, చలి వేసినా, ఆకలైనా, నొప్పి పుట్టినా కదిలేది ఈ గ్రంథులే. హార్మోను చేసే పనల్లా చెక్కు రాయడం. డబ్బు ఉండాల్సింది ఖాతాలో. అప్పుడే పుట్టిన దూడకు ఆ ఖాతా చాలా చిన్నది: కాలేయంలో కొంచెం గ్లైకోజెన్ (నిల్వ ఉన్న చక్కెర), ఒంట్లో నూటికి మూడు వంతుల కొవ్వు. పాలు తాగని దూడకు అది చలిలో ఒక రోజు కూడా నిలవదు.

కాబట్టి ఈనడం అనే మొదటి కష్టాన్ని దూడ దాటగలదు, దానికి ఏర్పాటు ఉంది. దాని మీద చలి, ఆకలి, మోటుగా లాగడం, కుక్కల అరుపులు వచ్చి పడితేనే పడిపోతుంది. ఆ రెండో కష్టమూ మూడో కష్టమూ పడకుండా చూసుకోవడమే మీ పని. ఎక్కడెక్కడ ఎలా చూసుకోవాలో వరుసగా చెబుతాను. ఎక్కువగా సీమావుల (జెర్సీ లాంటి విదేశీ జాతి ఆవుల) సంగతే చెబుతున్నాను, మేకపిల్లలకు, గొర్రెపిల్లలకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

చూడి చివరి నెలలోనే మొదలుపెట్టండి

ఎప్పుడు పుట్టాలో తేల్చేది చాలావరకు లోపలున్న దూడే. ఈ సంగతి మొదట గొర్రెల్లో తెలిసింది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో కాన్పుల డాక్టరు గ్రాహం లిగిన్స్ 1960లలో కడుపులోని గొర్రెపిల్లల పిట్యూటరీ గ్రంథిని, అంటే మెదడు కింద ఉండి అడ్రినల్‌కు పని చెప్పే గ్రంథిని, తీసేసి చూశారు. అలా చేసిన గొర్రెలు రోజులు దాటిపోయినా ఈనలేదు. పిల్లకు కార్టిసాల్ ఎక్కిస్తే మాత్రం నెలలు నిండకుండానే ఈనేశాయి. దూడల్లోనూ వరుస ఇంచుమించు ఇదే. చివరి రెండు మూడు వారాల్లో దూడ అడ్రినల్ గ్రంథి ముదిరి కార్టిసాల్ పెంచుతుంది. ఆ కార్టిసాల్ మాయలోని హార్మోన్లను తిరగేస్తుంది, నొప్పులు మొదలవుతాయి. అదే సమయంలో దూడ ఊపిరితిత్తులను, కాలేయాన్ని, పేగులను బయటి బతుక్కి సిద్ధం చేస్తుంది.

అందుకే ఆవు చూడి కట్టడానికి సూది (వీర్యం) వేయించిన తేదీ రాసి పెట్టుకోండి. గోడ క్యాలెండరు మీద రాసినా చాలు. ఆవుకు చూడి కాలం సుమారు 280 రోజులు. రెండు మూడు వారాలు ముందే ఈనితే ఆ దూడకు కార్టిసాల్ చేయాల్సిన పని పూర్తి కాలేదని అర్థం. చూడటానికి బాగున్నా దాన్ని నీరసంగా పుట్టిన దూడలాగే చూసుకోవాలి.

ఎండ సంగతి మనవాళ్ళు తక్కువగా పట్టించుకుంటారు. పాలిచ్చే ఆవుకు నీళ్ళు చల్లుతారు, ఫ్యాన్ పెడతారు. ఒట్టిపోయిన చూడి ఆవును మాత్రం చెట్టు కింద కట్టేసి వదిలేస్తారు. తిరుపతి, శ్రీకాళహస్తి పక్క రోహిణి కార్తె ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో చివరి నెలలు గడిపిన ఆవు కొన్ని రోజులు ముందే ఈనుతుందని, దూడ బరువు తగ్గుతుందని, జున్నుపాలలోని రోగనిరోధక ప్రోటీన్లను ఆ దూడ సరిగా పీల్చుకోలేదని అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగిన పరిశోధనల్లో తేలింది. మధ్యాహ్నం రెండుసార్లు ఒంటి మీద నీళ్ళు పోసి, గాలి ఆడేచోట నీడలో కట్టండి. ఇప్పుడు పాలివ్వడం లేదు కదా అని లెక్క వేసుకుంటే నష్టం ఈనాక కనిపిస్తుంది.

ఇంకొకటి, ఎంపిక సంగతి. పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే. దానికో, మరో చిన్న నాటావుకో పెద్ద జాతి ఆంబోతు సూది వేయిస్తే దూడ పెద్దదై ఈనేటప్పుడు ఇరుక్కుంటుంది. దూడ ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ ఎంత ఎగిసినా ఎముక సందు పెరగదు. పుంగనూరు జాతిని కాపాడుతున్న పరిశోధన కేంద్రం మన చిత్తూరు జిల్లా పలమనేరులోనే ఉంది, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పనిచేస్తుంది. జాతి ఆవు పెట్టుకున్నవాళ్ళు సూది వేయించే ముందే ఆ జాతి వీర్యం గురించి అడిగి తెలుసుకోవచ్చు.

నొప్పులు మొదలయ్యాక

చేయవలసిన పని దూరంగా ఉండటం. గుంపు చేరితే, టార్చి లైట్లు పడితే, కుక్క అరిస్తే ఆవు బెదురుతుంది, దాని అడ్రినలిన్ ఎగిసి నొప్పులు ఆగిపోతాయి. నొప్పులు ఆగితే దూడ సందులో ఎక్కువసేపు ఉండిపోతుంది.

సందులో ఉన్నంతసేపూ ప్రతి నొప్పికీ దూడకు ఆక్సిజన్ కాసేపు తగ్గుతుంది. అప్పుడు అడ్రినల్ గ్రంథి నార్‌అడ్రినలిన్ వదిలి, చర్మానికీ పేగులకూ పోయే రక్తాన్ని తగ్గించి, గుండెకూ మెదడుకూ మళ్ళిస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పెద్ద పశువుల్లో అడ్రినల్ గ్రంథి లోపలి భాగానికి ఆజ్ఞ నరం ద్వారా వెళ్తుంది. ఇంకా ముదరని పిల్లల్లో నరం పూర్తిగా కుదురుకోదు, అయినా ఆక్సిజన్ తగ్గిందని గ్రంథే నేరుగా పసిగట్టి హార్మోను వదిలేస్తుంది. కేంబ్రిడ్జ్‌లో కామ్‌లైన్, సిల్వర్ 1960లలో కడుపులోని గొర్రెపిల్లల్లోనూ దూడల్లోనూ ఈ గ్రంథి ఎలా ముదురుతుందో పరిశోధించారు. ఎలుక పిల్లల్లోనైతే పుట్టాక కూడా కొన్ని రోజులు గ్రంథి నేరుగానే స్పందిస్తుంది, నరం కుదురుకున్నాక ఆ గుణం పోతుంది. దూడ మాత్రం చాలావరకు ముదిరే పుడుతుంది, నరం పనిలోకి వచ్చే ఉంటుంది. అందుకే ఎలుకల మీద తేలిన లెక్కలను దూడలకు అలాగే అంటగట్టకూడదు.

ఈ ఏర్పాటు కొద్దిసేపటికే. ఎక్కువసేపైతే రక్తంలో ఆమ్లం పేరుకుపోతుంది, పుట్టాక దూడ చీకదు. నీళ్ళ సంచి పగిలి గంట దాటినా కాళ్ళు కనబడకపోయినా, కాళ్ళు కనబడి అరగంట గట్టిగా ముక్కినా ముందుకు రాకపోయినా ఫోన్ చేయండి. తొలిచూలు పెయ్యకు కొంచెం ఎక్కువ సమయం పట్టడం మామూలే. ఒక కాలే వచ్చినా, తోక ముందు కనబడినా ఆగకుండా డాక్టరును పిలవండి.

లాగాల్సి వస్తే ఆవు ముక్కినప్పుడే లాగాలి, ఆగినప్పుడు ఆగాలి. శుభ్రమైన మెత్తటి తాడు గిట్ట పైకీలు దాటాక ఒక ముడి, దాని కింద ఇంకో ముడి. ఇద్దరు మనుషులు చాలు. నలుగురైదుగురు కలిసి, ఇంకా ఘోరంగా ట్రాక్టరుకు కట్టి లాగడం నేటికీ అక్కడక్కడా ఉంది. పక్కటెముక విరిగిన దూడకు ఎంత అడ్రినలిన్ ఉన్నా ఊపిరి ఆడదు.

ఊపిరి: మొదటి పదిహేను నిమిషాలు

కడుపులో దూడ ఊపిరితిత్తుల నిండా ద్రవమే ఉంటుంది. నొప్పుల సమయంలో ఎగిసే అడ్రినలిన్ ఆ ద్రవాన్ని వెనక్కి పీల్పిస్తుంది. చాలామంది మనసులో బొమ్మ వేరుగా ఉంటుంది: దూడను తలకిందులుగా వేలాడదీస్తే ఊపిరితిత్తుల్లోని నీళ్ళు కారిపోతాయని. అలా కారేవాటిలో ఎక్కువ భాగం కడుపులోంచి వచ్చేవే. పైగా తలకిందులైతే పేగుల బరువు డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) మీద పడి ఊపిరి ఇంకా కష్టమవుతుంది. కొట్టం దూలానికి కట్టి వేలాడదీయొద్దు.

చేయాల్సింది ఇది. ముక్కులో నోట్లో ఉన్న జిగురును వేళ్ళతో తీసేయండి. దూడను పొట్ట మీద కూర్చోబెట్టండి, ముందు కాళ్ళు మడిచి, వెనక కాళ్ళు రెండూ రెండు పక్కలకు ముందుకు చాపి. పక్కకు పడుకుంటే కింది ఊపిరితిత్తి నొక్కుకుపోతుంది, ఇలా కూర్చుంటే రెండూ తెరుచుకుంటాయి. ఎండు గడ్డిపరక ఒకటి ముక్కులో లోతుగా గుచ్చి తిప్పండి, తుమ్మి గట్టిగా గాలి లాగుతుంది. తల మీద, చెవిలో కొంచెం చల్లటి నీళ్ళు పోసినా అదే పని జరుగుతుంది. కొంచెమే సుమా, బక్కెట్టు నీళ్ళు ఒంటి మీద గుమ్మరిస్తే రెండో కష్టం మీరే తెచ్చిపెట్టినట్టు. తర్వాత గోనెపట్టతో వీపు మీద గట్టిగా రుద్దండి.

ఇక గడియారం చూడండి. మామూలుగా పుట్టిన దూడ ఐదు నిమిషాల్లో తనంతట తాను పొట్ట మీదకు వస్తుంది. పదిహేను నిమిషాలైనా తల ఎత్తి కూర్చోలేకపోతే అది ప్రమాదంలో ఉన్నట్టే. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి, నీలంగానో తెల్లగానో ఉంటే ఆక్సిజన్ చాలడం లేదు. నాలుక వాచి బయటికి వేలాడుతుంటే చాలాసేపు ఇరుక్కుని ఉందని గుర్తు. ఒంటి మీద పసుపు, గోధుమ రంగు జిగురు అంటి ఉంటే దూడ లోపలే పేడ వేసిందన్నమాట, కడుపులోనే ఊపిరికి కటకటపడింది. చివరగా నోట్లో వేలు పెట్టి చూడండి. పది నిమిషాలు దాటాక వేలిని గట్టిగా చీకుతుంటే సగం భయం తీరినట్టే.

రక్తంలో కార్టిసాల్ కొలిపిస్తే దూడ ఒత్తిడి తెలుస్తుంది కదా అని అడిగేవాళ్ళున్నారు. కొట్టంలో ఆ లెక్క పనికిరాదు. పుట్టిన రోజు ఏ దూడకైనా కార్టిసాల్ ఎక్కువే, తర్వాతి రోజుల్లో తగ్గుతుంది. రక్తం తీయడానికి పట్టుకుని పెనుగులాడితే కాసేపట్లోనే ఇంకా పెరుగుతుంది. పైన చెప్పిన గుర్తులే నమ్మకమైన పరీక్ష, పైసా ఖర్చు లేదు.

ఆరబెట్టడం

తల్లి నాకనివ్వండి. నాకితే తడి ఆరుతుంది, రక్తం ఆడుతుంది, దూడ మేలుకుంటుంది. ఎలుక పిల్లల్లో దీని మీద చాలా పరిశోధన జరిగింది. పుట్టిన నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా వాటి అడ్రినల్ గ్రంథి చిన్నాచితకా ఒత్తిడికి కదలదు, తల్లి నాకడమూ పాలూ దాన్ని నెమ్మదిగా ఉంచుతాయి. తల్లిని ఒక రోజు పాటు దూరం చేస్తే కార్టిసాల్ లాంటి హార్మోను ఒక్కసారిగా లేస్తుంది. దూడకు అలాంటి నిద్ర దశ లేదు, మొదటి రోజు నుంచే దాని గ్రంథి అన్నిటికీ పలుకుతుంది. అంటే దాన్ని ఇంకా ఎక్కువ నెమ్మదిగా చూసుకోవాలి.

తల్లి నాకకపోతే, తొలిచూలు పెయ్యలు కొన్ని బెదిరి దూరం జరుగుతాయి, గోనెపట్టతో మీరే తుడవండి. పొత్తికడుపు, కాళ్ళ సందులు కూడా. సిమెంటు నేల మీద పడుకోబెట్టొద్దు, ఒంటి వేడి మొత్తం నేలకు పోతుంది. మందంగా వరిగడ్డి పరవండి.

పలమనేరు, కుప్పం లాంటి పడమటి మండలాల్లో డిసెంబరు, జనవరి రాత్రుల చలి తడి దూడకు చాలా ఎక్కువ. తూర్పు పక్క నవంబరు తుపాన్ల వానే గండం, ఉష్ణోగ్రత అంత తక్కువ లేకపోయినా తడీ గాలీ కలిస్తే చాలు. దూడ మూత్రపిండాల చుట్టూ గోధుమ రంగు కొవ్వు ఉంటుంది. నార్‌అడ్రినలిన్ అందగానే అది కరిగి వేడి పుట్టిస్తుంది, వణకకుండానే. గొర్రెపిల్లకూ మేకపిల్లకూ ఇదే ఆధారం. కానీ ఒళ్ళు చిన్నది కాబట్టి వేడి తొందరగా పోతుంది. కవలలైతే ఇంకా. వాటిని దూడకంటే ముందు ఆరబెట్టాలి.

డిజిటల్ థర్మామీటరు ఒకటి కొట్టంలో పెట్టుకోండి, మనుషులకు వాడేదే చాలు, మళ్ళీ ఇంట్లో వాడకుండా ఉంటే సరి. కొనకు కొంచెం నూనె రాసి ఆసనంలో పెట్టి చూడాలి. 101.5 నుంచి 103 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. 100 కంటే తగ్గితే వెచ్చబెట్టాలి: దుప్పటి కప్పి, వేడి నీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టాలి. బాగా చల్లబడి చీకలేకపోతే మెడ వరకు గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో ఉంచి, తీసి, పూర్తిగా ఆరబెట్టాలి. సగం ఆరబెట్టి వదిలేస్తే ముందుకంటే ఎక్కువ చల్లబడుతుంది.

మే నెలలో లెక్క తిరగబడుతుంది. రేకుల షెడ్డు కింద కట్టిన దూడ ఒగరుస్తుంటే నీడ మార్చండి, గాలి తగలనివ్వండి. వేడి కూడా అడ్రినల్ గ్రంథిని కదిలించేదే.

బొడ్డు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. టింక్చర్ అయోడిన్‌లో బొడ్డు మొత్తం మునిగేలా ముంచండి. పేడ, బూడిద పూయొద్దు.

జున్నుపాలు

మీరు ఒక్క పనే సరిగా చేయగలిగితే ఇది చేయండి.

అడ్రినలిన్ చెప్పినట్టు కాలేయం ఉన్న గ్లూకోజును రక్తంలోకి వదిలేస్తుంది, కొన్ని గంటల్లో నిల్వ అయిపోతుంది. కార్టిసాల్ కొత్త గ్లూకోజు తయారు చేయమంటుంది, ముడిసరుకు ఉంటేనే అది జరుగుతుంది. ఆ ముడిసరుకు జున్నుపాలు. మామూలు పాలకంటే కొవ్వూ ప్రోటీనూ ఎక్కువ. అంతకంటే ముఖ్యం, ఆవు నుంచి దూడకు మాయ ద్వారా రోగనిరోధక ప్రోటీన్లు అందవు. మనుషుల బిడ్డలకు అందుతాయి, దూడకు అందవు. అవి వచ్చే దారి జున్నుపాలొక్కటే, ఆ దారి కూడా సుమారు 24 గంటలకు మూసుకుపోతుంది. మొదటి ఆరు గంటల్లో పేగు బాగా పీల్చుకుంటుంది, గంట గంటకూ తగ్గుతూ వస్తుంది.

మన పక్క పెద్దవాళ్ళు చాలామంది మాయ పడేదాకా పొదుగు ముట్టనివ్వరు. పాలు తీస్తే మాయ లోపలికి పోతుందని భయం. పెద్దవాళ్ళ మాట కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు, అయితే ఇది మాత్రం దూడల్ని చంపుతోంది. దూడ చీకితే ఆవు ఒంట్లో ఆక్సిటోసిన్ వస్తుంది, అది గర్భాశయాన్ని బిగిస్తుంది, మాయ పడటానికి సాయమే చేస్తుంది. మాయ పడకపోతే దానికి కారణం వేరే ఉంటుంది, డాక్టరు చూస్తారు. అవ్వ ఒప్పుకోకపోతే వాదన పెట్టుకోకుండా దూడను పొదుగు దగ్గరకు తోసి పక్కకు తప్పుకోండి. నాకు తెలిసి అన్నిటికంటే తక్కువ గొడవతో పని జరిగే దారి ఇదే.

ఎంత తాగించాలంటే, దూడ బరువులో పదో వంతు. 25 కిలోల జెర్సీ దూడకు రెండున్నర లీటర్లు, మొదటి రెండు గంటల్లో మొదలుపెట్టి ఆరు గంటల్లోపు పూర్తి చేయాలి. పన్నెండు గంటలలోపు ఇంకో లీటరు, లీటరున్నర. మేకపిల్లకు, గొర్రెపిల్లకు కూడా అదే వంతు, కాకపోతే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. తల్లి దగ్గర వదిలేశాం తాగే ఉంటుందిలే అనుకోవద్దు. పొదుగు బాగా వేలాడే ఆవుల దగ్గర దూడ పైనెక్కడో వెతుకుతూ ఉంటుంది, చన్ను దొరకదు. పిండి, నిప్పిల్ సీసాతో తాగిస్తే లెక్క చేతిలో ఉంటుంది.

చీకే బలం లేని దూడ నోట్లో గొట్టంతో పోయొద్దు. అది మింగదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వెచ్చబెట్టండి, అరగంట ఆగి మళ్ళీ వేలు పెట్టి చూడండి. అప్పటికీ చీకకపోతే గొట్టం నేరుగా కడుపులోకి వేసి తాగించాలి, అది డాక్టరో, నేర్చుకున్న గోపాలమిత్రో (ఊళ్ళో పశువులకు సూది వేసే మనిషి) చేయాల్సిన పని.

కాచి తాగించవద్దు. జున్ను వండేటప్పుడు గట్టిపడే ప్రోటీన్లలో ముఖ్యమైనవి దూడకు కావాల్సిన ఆ రోగనిరోధక ప్రోటీన్లే. పొయ్యి మీద పెడితే అవి పాడైపోయి గడ్డకడతాయి. జున్ను వండుకోవద్దని నేననను, ఆ రుచి చిత్తూరోళ్ళకు చెప్పాలా. మొదటి పిండుడు దూడది, తర్వాతివి ఇంట్లోకి, పక్కింటికి. పాలు ఎక్కువిచ్చే ఆవు ఈనినప్పుడు ఒకటి రెండు లీటర్లు సీసాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే మరో ఆవుకు పాలు రానప్పుడు అక్కరకొస్తాయి. గోరువెచ్చని నీళ్ళలో సీసా పెట్టి కరిగించండి, మరిగే నీళ్ళలో పెట్టకండి.

కోడెదూడ పుడితే చాలా పాడి ఇళ్ళల్లో మొహం చిన్నబోతుంది, జున్నుపాలు కూడా సగమే. దాని గ్రంథికి, దాని ఆకలికి పెయ్యా కోడా తేడా లేదు. సాకనని ముందే అనుకున్నా మొదటి రోజు పాలు పూర్తిగా ఇవ్వండి. పారుడు రోగం దానికి పట్టుకుంటే పక్కనున్న పెయ్యకూ అంటుతుంది.

స్టెరాయిడ్ సూది గురించి

లిగిన్స్ గొర్రెల ప్రయోగంలో ముందే పుట్టిన పిల్లల ఊపిరితిత్తులు లెక్క ప్రకారం గాలికి తెరుచుకోకూడదు, కానీ కార్టిసాల్ వల్ల కొంతవరకు తెరుచుకున్నాయి. అక్కడి నుంచే ఆయన, రాస్ హోవీ కలిసి నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న గర్భిణులకు కార్టిసాల్ లాంటి స్టెరాయిడ్ మందు ఇచ్చి, ఫలితాలు 1972లో ప్రచురించారు. ఇవాళ మన ఆసుపత్రుల్లో అలాంటి తల్లులకు వేసే ఆ ఇంజెక్షన్ మూలం ఒక గొర్రెల కొట్టం.

అది విని డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ సూది మంచిదే కదా అనుకోవద్దు. మందుల షాపులో డెక్సా అని అడిగి తెచ్చి, జ్వరానికీ వాపుకీ పశువుకు వేసేయడం మన పల్లెల్లో ఉన్నదే. ఏడు నెలలు దాటిన చూడి ఆవుకు వేస్తే కడుపులో దూడ ఇవ్వాల్సిన కబురు సూది ఇచ్చినట్టవుతుంది, ముందుగానే ఈనేస్తుంది, తరచుగా మాయ పడదు. పుట్టిన దూడకు వేస్తే అప్పటికి అది లేచి ఉత్సాహంగా కనిపిస్తుంది, అందుకే జనం నమ్ముతారు. వెనక జరిగేది వేరు. బయటి స్టెరాయిడ్ చూసి మెదడు అడ్రినల్ గ్రంథికి పని చెప్పడం తగ్గిస్తుంది, రోగనిరోధక శక్తి పడిపోతుంది, నాలుగైదు రోజులకు పారుడో ఊపిరితిత్తుల వాపో మొదలవుతుంది. ముందుగా ఈనించాల్సిన అవసరం ఉంటే డాక్టరు ఆలోచించి వేస్తారు. ఆ నిర్ణయం ఆయనదే.

తర్వాతి వారాలు

మొదటి రోజు గడిచాక గ్రంథి పని తగ్గదు. రోజుల తరబడి కార్టిసాల్ ఎక్కువగా ఉంటే తెల్ల రక్తకణాలు సరిగా పనిచేయవు. కాబట్టి దూడకు ఒకే రోజు రెండు మూడు పనులు పెట్టొద్దు. పురుగుల మందు ఒక రోజు, చోటు మార్చడం ఇంకో రోజు, చెవి పోగు మరో రోజు. నెల నిండని దూడను సంతకు తోలడం, ఆటోలో పడేసి వేరే ఊరికి పంపడం వీలైతే మానుకోండి.

పారుడు పట్టుకుంటే పాలు మాన్పించకండి. పారుడులో సోడియం పోతుంది, అడ్రినల్ పైపొర ఆల్డోస్టిరాన్ అనే హార్మోను వదిలి మిగిలిన ఉప్పును నిలబెట్టడానికి చూస్తుంది. బయటి నుంచి ఉప్పూ నీళ్ళూ అందకపోతే అది గెలవలేదు. పాలు యథాప్రకారం ఇస్తూ, మధ్యలో ఎలక్ట్రోలైట్ పొడి కలిపిన నీళ్ళు తాగించండి. కళ్ళు లోపలికి పోయినా, చర్మం చిటికెతో లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా సెలైన్ ఎక్కించాలి.

కొమ్ము మొగ్గలు కాల్పించేవాళ్ళు మూడు నాలుగు వారాల లోపే చేయించండి. మత్తు సూది లేకుండా కాలిస్తే కార్టిసాల్ గంటల తరబడి దిగదు. లిగ్నోకైన్ వేస్తే మొదటి పెరుగుదల ఆగుతుంది, దాని ప్రభావం తగ్గాక నొప్పి మళ్ళీ లేస్తుంది. అందుకే నొప్పి తగ్గించే మెలాక్సికామ్ కూడా వేయమని అడగండి. చిన్నప్రాణి, ఒక్క నిమిషమే కదా అంటారు కొందరు. ఆ నిమిషం తర్వాత దూడ మేత ముట్టకుండా తల విదిలిస్తూ గడిపే సాయంత్రాన్ని వాళ్ళు చూడరు.

ఫోన్ చేసేటప్పుడు

పశువుల సంచార వైద్యానికి 1962కి ఫోన్ చేయవచ్చు, లేదా మీ ఊరి డాక్టరుకు. తడబడకుండా ఈ వరుసలో చెబితే అవతలివాళ్ళు ఏం మందులు తెచ్చుకోవాలో అప్పుడే తేల్చుకుంటారు: సూది వేయించిన తేదీ ప్రకారం ఎన్ని రోజులకు ఈనింది, నీళ్ళ సంచి ఎప్పుడు పగిలింది, ఎంతమంది లాగారు, ఒంటి మీద పసుపు జిగురు ఉందా, ఎన్ని నిమిషాలకు పొట్ట మీద కూర్చుంది, చిగుళ్ళ రంగు, జ్వరం లెక్క, వేలు చీకుతుందా, ఎన్ని లీటర్లు తాగింది. ఇంతకుముందు ఎవరైనా సూది వేసి ఉంటే అదీ దాచకుండా చెప్పండి, ఖాళీ సీసా ఉంటే పారేయకుండా చూపించండి.

వాళ్ళు వచ్చేలోపు దూడను పొట్ట మీదే కూర్చోబెట్టి ఉంచండి, రెండు పక్కలా గడ్డి మూటలు ఆనించండి. పక్కకు వాలిపోతుంటే అరగంటకోసారి పక్క మార్చండి.